మూత పెట్టిన పెన్ను

లోపలికి వచ్చేటప్పుడు ఆయన చేతిలో సరుకు బాగానే ఉంది. జోడు లేకుండా గోడమీది చార్టులో అట్టడుగు వరుస దాకా చదవగల కళ్ళు, వయసును మించి ఎగబాకని రక్తపోటు, పొద్దున్నే పరగడుపున ఇచ్చిన రక్తంలో అదుపులో ఉన్న చక్కెర, ఒక్క మచ్చ లేకుండా ఇన్నేళ్ళు నడిచిన చిన్న విమానం లైసెన్సు, బయట చెట్టు నీడన కారు, కారు వెనక సీటు నిండా కొత్తరకం కుళాయిల శాంపిళ్ళు, పక్క కుర్చీలో ఫోనులో ఆర్డర్లు చూసుకుంటున్న కోడలు. ఒక్క సరుకే అడుగున పడి ఉంది, పైకి తీసి ఎవరికీ చూపించనిది. దాన్ని నష్టం లేకుండా ఎలా వదిలించుకోవాలా అన్నదే ఈ రెండు వారాలుగా ఆయన లెక్క. పైలట్లకు ఆరోగ్య పరీక్ష చేసి సంతకం పెట్టేది ఊరు మొత్తానికి ఈ క్లినిక్కు డాక్టరు ఒక్కడే, ఆ సంతకం గడువు ఈ వారంతో అయిపోతుంది, ఆదివారం విమానం తీయాలంటే ఈ గదిలోంచి సంతకంతోనే బయటపడాలి. నర్సు వచ్చి, మిగతా పరీక్షలన్నీ అయిపోయాయి, డాక్టరు గారు చూడటమే తరువాయి, ముందు ఇద్దరున్నారు, గంట పడుతుందేమో కూర్చోండి అని చెప్పి పోయింది.

కూర్చోవడం ఆయనకు చేతకాని పని. కొట్లో గల్లా పక్కన కుర్చీ ఉందంటే అది వచ్చినవాళ్ళ సంచులు పెట్టుకోవడానికే. పైపులు, కుళాయిలు, వాల్వులు అమ్మేవాడు కూర్చుంటే సరుకు కూడా కూర్చుంటుందని ఆయన లెక్క. ఒక్క విమానంలోనే గంటలకొద్దీ కూర్చోగలడు, అదీ కూర్చున్నట్టు ఉండదు కాబట్టి. పైన పంకా తిరుగుతూ ప్రతి చుట్టుకీ ఒకచోట టక్కుమంటోంది. బేరింగు పోయింది. ఇంజన్లో ఇలాంటి చప్పుడు వస్తే మెకానిక్ మూత విప్పి చెవి ఆనించి కూర్చుంటాడు, ఇక్కడ మనుషుల గుండె చప్పుడు వినేచోట నెత్తిమీది చప్పుడు వినేవాడు లేడు. రేపు ఆ పంకా ఊడి ఎవరి మీదో పడితే అప్పుడొక రూలు పుడుతుంది, పంకాల కింద కుర్చీలు వేయరాదని. పంకాకి నూనె వేయమని మాత్రం ఎవడూ రాయడు. అలాగే ఉంటాయి వీళ్ళ రూళ్ళన్నీ. మొన్న చలికాలంలో విమానానికి దిగేటప్పుడు వేసే దీపం స్విచ్చి పోయింది. అదే ఫ్యాక్టరీ చేసిన అదే స్విచ్చి తన కొట్టుకి రెండు గుమ్మాల అవతల కరెంటు సామాను కొట్లో వేలాడుతోంది. కాదు, విమానం స్విచ్చి అని కాగితం ఉన్న స్విచ్చే పెట్టాలి. తెప్పించాడు. స్విచ్చి వచ్చింది, దాని కాగితం రాలేదు. కాగితం లేని స్విచ్చి స్విచ్చి కాదట. చలికాలమంతా, ఒక్క మబ్బుతునక లేని ఆ ఆకాశాలన్నీ, షెడ్డులో విమానం మీద పావురాలు వాలుతుండగా గడిచిపోయాయి. మెకానిక్ దాన్ని చేతిలో పట్టుకుని, సార్ ఇది ఇంట్లో పెట్టుకుంటే మంచి స్విచ్చే, ఇక్కడ పెడితే నేరం అన్నాడు. మూడువందల మందిని మోసుకుపోయే పెద్ద విమానానికి రాసిన రూళ్ళని నాలుగు సీట్ల బుడత విమానానికి తొడిగితే ఏమవుతుంది, తాత కోటు మనవడికి వేసినట్టు ఉంటుంది, చేతులు బయటికి రావు, నడవబోతే కాళ్ళకి అడ్డం.

అలాగని రూలంటే ఆయనకు పడదని కాదు. ఫ్లయింగ్ క్లబ్బులో అందరూ అలాగే అనుకుంటారు, ప్రతి మీటింగులో లేచి వాదించేది తనే కాబట్టి. కానీ రూళ్ళలో రెండు జాతులున్నాయి. ఎవరో చచ్చాక పుట్టిన రూలు ఒకటి, ఎవరికో పని లేక పుట్టిన రూలు ఇంకొకటి. ఎగిరే ప్రతిసారీ రెక్క కిందనుంచి చిన్న గాజుగొట్టంలోకి ఇంధనం కాస్త దించి, వెలుతురుకి ఎత్తిపట్టి, అడుగున నీటిబొట్టు ఉందేమో చూడాలి. అది మొదటి జాతి. విమానం నడపడం నేర్పిన మేడమ్ మొదటిరోజే గాజుగొట్టం చేతిలో పెట్టి చెప్పింది, నిన్న చూశానులే అన్నవాడి ఇంజను ఇవాళ గాల్లో ఆగుతుంది అని. ఆ మాట ఆయనకు ఎంత పట్టిందంటే, ఇంటికొచ్చిన మర్నాడే కొట్లో కొత్త పద్ధతి పెట్టాడు, గ్యాసు లైనుకి వేసే వాల్వు ఏదైనా సబ్బునీళ్ళలో ముంచి గాలి కొట్టి చూడకుండా గడప దాటకూడదు. కొడుకు విసుక్కున్నాడు, కంపెనీవాడు చూసే పంపుతాడు కదా నాన్నా అని. కోడలు మాత్రం చేతులు పైకి మడిచి బక్కెట్టు ముందు కూర్చుంది. బుడగ వచ్చిన వాల్వుని పక్కన పడేసేది. బుడగ వచ్చిందో రాలేదో అనుమానంగా ఉన్నదాన్నీ పక్కన పడేసేది. అదేమ్మా, అది బాగానే ఉందిగా అని తనంటే, మీకు బాగుంది మామయ్యా, దాని కింద వంట చేసుకునేది మనం కాదుగా అంది. ఆ రోజే అనుకున్నాడు, కొట్టు ఈ పిల్ల చేతికి వెళ్తే నిలబడుతుందని. ఆ పిల్లే తర్వాత విమానం ఎక్కుతానంది. భార్య ఇన్నేళ్ళలో ఒక్కసారి ఎక్కలేదు, నేలమీదే మీ మాట విననుగా, గాల్లో ఎందుకు వింటాను అని. కొడుక్కి కడుపులో తిప్పుతుంది. కోడలు ఎక్కి, బెల్టు పెట్టుకుని, ముందు ఏ బటను ఏమిటో చెప్పండి అంది. చెప్పాడు. నాకేదైనా అయితే ఈ పిడి ఇలా పట్టుకుని ఉండు, ఇది నొక్కి మాట్లాడు, కిందవాళ్ళు దారి చెప్తారు అన్నాడు. మీకేమవుతుంది మామయ్యా అంది. ఏమీ కాదు, చెప్పడం రూలు అన్నాడు.

ఇప్పుడు ఈ డాక్టరు గది రూలు ఏ జాతిది. చెవిలో పొగలాంటి చిరాకు లేస్తోంది, గంట కాకముందే గంటయినట్టుంది. విమానం రేడియోకి జబ్బు చేస్తే మెకానిక్ విప్పుతాడు, బాగుచేస్తాడు, సంతకం పెడతాడు, మర్నాడు ఎగురుతుంది. రేడియో నాకు ఒంట్లో బాగాలేదని చెప్పినందుకు దాన్ని జన్మంతా షెడ్డులో కట్టేయరు. మనిషి చెప్తే కట్టేస్తారు. చెప్పినవాడి ఫైలు ఇక్కడినుంచి పైకి వెళ్తుంది, పైనుంచి ఇంకా పైకి, ఒక్కో బల్ల మీద ఒక్కో కాలం, ఎవరి సంతకం ఎవరికోసం ఆగిందో ఎవరికీ తెలియదు. కొట్లో అయితే, అయ్యా ఈ పెట్టెలో ఒక రకం సరుకు అనుమానంగా ఉంది, అమ్మకండి అని తనంతట తాను ఫోను చేసిన సప్లయరుకే తను మళ్ళీ ఆర్డరిస్తాడు, జీవితాంతం ఇస్తాడు. వీళ్ళు అలాంటివాణ్ణే ముందు బయటికి పంపిస్తారు. ఆ తర్వాత ఏమవుతుంది, ఎవడి దగ్గరా అనుమానం సరుకు ఉండదు. ప్రతి పైలటు గుండే గుండె, ప్రతివాడి నిద్రే నిద్ర. ఇంతమంది ఆరోగ్యవంతులు ఇంకెక్కడా దొరకరు. తలనొప్పికి మాత్ర మింగాలన్నా పక్క ఊరు వెళ్ళి, బావమరిది పేరు చెప్పి కొనుక్కునేవాళ్ళు క్లబ్బులో ఎంతమందో. భద్రత కోసం పెట్టిన రూలు చేసిన పని ఇది, జబ్బుని ఆపలేదు, జబ్బు గురించి మాటని ఆపింది. ఈ ముక్క మీటింగులో అనాలి. అనడానికి తనకిప్పుడు మొహం ఉందా అన్నది వేరే లెక్క.

క్లబ్బులోని బేకరీ ఆయన గుర్తొచ్చాడు. రాకుండా ఎలా ఉంటాడు, ఆయనా ఒకప్పుడు ఈ కుర్చీలోనే కూర్చుని ఉంటాడు. ఆదివారం వస్తే వేడి రొట్టెలు సంచినిండా తెచ్చి రన్‌వే పక్కన అందరికీ పంచేవాడు, క్లబ్బులో అందరికంటే మెత్తగా దించేవాడు, చక్రాలు నేలని తాకాయో లేదో లోపల కూర్చున్నవాళ్ళకి తెలిసేది కాదు. భార్య పోయాక నిద్ర పట్టక మాత్రలు వేసుకున్నాడు కొన్నాళ్ళు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు. మాత్రలు మానేసి ఎంతకాలమైనా ఆ ఫైలు మాత్రం నిద్రపోతూనే ఉంది. ఇప్పటికీ వస్తాడు ఆదివారం. రొట్టెలు తెస్తాడు. ఎగిరే వీలు లేదు కాబట్టి ఇంకొకళ్ళ విమానాల ముందు అద్దాలు తుడుస్తాడు, పురుగుల మరకలు పోయేదాకా, మెత్తటి గుడ్డతో, ఎంత శ్రద్ధగానో. తన విమానం అద్దం కూడా తుడిచాడు మొన్న. తుడిచి, ఎలా ఉంది పైన అని అడిగాడు. ఎప్పుడూ ఉండేదే అన్నాడు తను, మొహం చూడకుండా. నిజం చెప్పినందుకు మనిషికి మిగిలింది ఒక గుడ్డ. దాన్ని చూసి కూడా ఎవడు చెప్తాడు.

అందుకేగదా పెన్ను కథ పుట్టింది. ఈ డాక్టరుకి ఒక అలవాటుంది, క్లబ్బులో అందరికీ తెలిసినదే. పరీక్షలన్నీ చూశాక, సంతకం పెట్టేముందు, పెన్నుకి మూత పెట్టి బల్లమీద పెడతాడు. పెట్టి, ఏమైనా ఉందా చెప్పాల్సింది అని అడుగుతాడు. అది మొదటిసారి. తర్వాత మూత తీసి, అదే ప్రశ్న ఇంకోసారి అడుగుతాడు. మూత పెట్టి ఉన్నప్పుడు చెప్పింది ఫైలుకి ఎక్కదు. ఆయన కూడా ఒకప్పుడు పైలటే, ఒక చెవి పోయి మానేశాడు, మనవాళ్ళ బాధ తెలుసు. మూత ఉన్నప్పుడు చెప్తే, ఫలానా పరీక్ష బయట చేయించుకోండి, ఫలానా మందు ముట్టకండి, వచ్చే నెల రండి అంటాడట. ఎంతమందిని అలా గట్టెక్కించాడో. బేకరీ ఆయనకి ఈ సంగతి తెలియక మూత తీశాక చెప్పాడు, అదీ ఆయన ఖర్మ. క్లబ్బులో ఇది ఎంత వాడుకలోకి వచ్చిందంటే, ఎవడైనా గుట్టు మాట మొదలుపెడితే, మూత పెట్టావా అని అడుగుతారు పక్కవాళ్ళు. రెండు వారాలుగా ఆయన నమ్ముకున్నది ఆ మూతనే. మూత ఉండగా చెప్పాలి. తేలిగ్గా చెప్పాలి. అలసట, ఎండ, పొద్దున ఏమీ తినలేదు, ఒక్క క్షణం, ఆ తర్వాత మామూలే. డాక్టరు తల ఊపాలి. మూత తీశాక, ఏమీ లేదండీ అనాలి. సంతకం. ఆదివారం. తర్వాత తీరిగ్గా ఎవరికో చూపించుకోవచ్చు. బేరం మొత్తం మనసులో ఎన్నోసార్లు ఆడాడు, ప్రతిసారీ తనే గెలిచాడు.

ఒక్క క్షణమేనా. పంకా టక్కుమంది. ఒక్క క్షణం కాదు. కోడలితో వెళ్ళి తిరిగొస్తున్నారు, రన్‌వే ఎడమ రెక్క కింద బారుగా కనిపిస్తోంది, అక్కడ ఎప్పుడూ చెప్పే నాలుగు మాటలు చెప్పాలి, విమానం గుర్తు అక్షరాలు, ఉన్న చోటు, దిగుతున్నానని. కొన్ని వందలసార్లు చెప్పిన మాటలు. బటను నొక్కాడు. మాటలు లేవు. మరిచిపోవడం కాదది, మరిచిపోతే నాలిక చివర ఏదో ఆడుతుంది. ఇది కొట్లో అరంగుళం వంపుల అర తెరిస్తే, పొద్దున తనే నింపిన అర, ఖాళీ. పక్కది తెరిస్తే అదీ ఖాళీ. చేతులు మాత్రం వాటి పని అవి చేస్తున్నాయి, వేగం తగ్గించాయి, రెక్కల ఫ్లాపులు దించాయి, చేతులకి ఎవరూ ఏమీ చెప్పనట్టు. కింద కంట్రోల్ టవరువాడు రెండోసారి అడిగాడు. నోరు తెరిచాడు, ఏదో ఒకటి రావాలని నెట్టాడు. వచ్చింది. గేట్ వాల్వ్. తన గొంతే, స్పష్టంగా, హెడ్‌ఫోనులో తనకే వినబడుతూ, గేట్ వాల్వ్. టవరువాడు, మళ్ళీ చెప్పండి అన్నాడు. పక్కన కోడలు పగలబడి నవ్వింది. అప్పుడు ఆయన చేసిన పని ఒకటుంది. ఆయన కూడా నవ్వాడు. మాట రాని నోటికి నవ్వు ఎలా వచ్చిందో తెలియదు. విమానం మలుపు తిరిగేసరికి మాటలు ఎక్కడినుంచి పోయాయో అక్కడికే తిరిగొచ్చాయి, అక్షరాలు చెప్పాడు, దిగాడు, మెత్తగానే దిగాడు. కిందికి దిగాక టవరుకి ఫోను చేసి రేడియోలో ఏదో గోల వస్తోంది అన్నాడు. మెకానిక్ రేడియో ఊడదీసి బల్లమీద పెట్టి సాయంత్రం దాకా పరీక్షించి, దీనికేం రోగం లేదు సార్ అన్నాడు. నీకు తెలియదు, ఉంది, మార్చు అని గట్టిగా చెప్పాడు. ఏ రోగమూ లేని రేడియోని పీకించి కొత్తది పెట్టించాడు. వ్యాపారంలో ఇంత తెలివితక్కువ కొనుగోలు ఇదివరకెన్నడూ చేయలేదు.

ఇంట్లో అది పెద్ద జోకైపోయింది. కోడలు ఆ రాత్రే భోజనాల దగ్గర అభినయించి చూపించింది, మామయ్య టవరు వాళ్ళకి గేట్ వాల్వ్ అమ్మబోయారు, వాళ్ళు సైజు అడిగేలోపే దిగిపోయాం అని. భార్య నవ్వి కళ్ళు తుడుచుకుంది. కొడుకు కొట్లో గుమాస్తాలకి చెప్పాడు, గుమాస్తాలు ప్లంబర్లకి చెప్పారు, ఇప్పుడు గేట్ వాల్వ్ కావాల్సినవాడు ఆకాశం వైపు చూపించి అడుగుతున్నాడు. మనవరాలు, ఆరేళ్ళ పాప, పలక పెన్సిలు నోటి దగ్గర పెట్టుకుని కనబడ్డప్పుడల్లా, గేట్ వాల్వ్ తాతయ్యా, ఓవర్, అంటోంది. ఆయనా ఓవర్ అంటున్నాడు. అందరికంటే గట్టిగా నవ్వేది ఆయనే. నవ్వుతూ, రాత్రిళ్ళు పక్కమీద పడుకుని చప్పుడు లేకుండా పెదవులతో సామాను పేర్లు చదువుకుంటున్నాడు, ఎల్బో, టీ, కప్లింగు, నిపుల్, బుషింగు, యూనియను. అన్నీ ఉన్నాయి. ప్రతి రాత్రీ అన్నీ ఉన్నాయి. అన్నీ ఉన్నప్పుడు ఎవరికైనా చెప్పడం దేనికి.

కోడలు ఫోను సంచిలో పెట్టి, ఇంకా పిలవలేదా మామయ్యా అంది. లేదన్నాడు. ఆమెకి ఏదో చెప్పాలని ఉన్నట్టుంది, ఉంగరం తిప్పుకుంటోంది. చివరికి చెప్పింది. ఆదివారం పాపని ఎక్కించడానికి వాళ్ళాయన ఒప్పుకున్నాడట, నిన్న రాత్రే, ఇన్నాళ్ళకి. ఒప్పుకోవడమే కాదు, వీడియో తీయడానికి రన్‌వే దగ్గరికి వస్తానన్నాడట. పాప బడిలో అందరికీ చెప్పేసింది.

"ఒకటడగనా మామయ్యా? పాపని ముందు సీట్లో కూర్చోబెడదామా, మీ పక్కన? నేను వెనక కూర్చుంటాను. ముందు కూర్చుంటే దానికి అంతా కనబడుతుంది."

దిండు వేస్తే బాగానే కనబడుతుంది అన్నాడు. అనేశాక ఆ మాట గాల్లో అలాగే ఉండిపోయింది. ముందు సీటు. ఇది ఇలా పట్టుకుని ఉండు, ఇది నొక్కి మాట్లాడు. పాప కాళ్ళు పెడల్స్‌కి అందవు. చెయ్యి పిడికి అందుతుంది, అందితే లాగుతుంది, ఉయ్యాల గొలుసు లాగినట్టు. తను బటను నొక్కి అరలు తెరుస్తుంటాడు, ఒకటీ ఖాళీ, రెండోదీ ఖాళీ. ఈసారి చేతులు కూడా ఊరుకుంటే. చేతులు పని చేస్తాయని హామీ ఎవరిచ్చారు, కంపెనీవాడా. పాప నవ్వుతుంది. తాతయ్య మళ్ళీ జోకు వేశాడనుకుంటుంది. కిందికి వచ్చేదాకా నవ్వుతూనే ఉంటుంది. వెనక సీట్లోంచి వాళ్ళమ్మ కూడా.

ఆయనకి ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియదు. రూలు మీద మండింది ముందు, అది తేలిక కాబట్టి. చెప్పినవాణ్ణి మూడు నెలలు ఆపండి, పరీక్షలు చేయండి, బాగుంటే ఫలానా తేదీకి తిరిగి ఎక్కించండి, ఆ దారి ముందే చూపించండి, అప్పుడు చూడండి ఎంతమంది వరస కడతారో. ఇంత చిన్న ఏర్పాటు, ఒక కొట్టు నడిపేవాడికి తోచింది, అంతంత భవనాల్లో కూర్చున్నవాళ్ళకి తోచదు. తను చెప్పేది నిజం. వెయ్యి మంది ముందు నిలబడి చెప్పినా నిజం. అయితే ఆ నిజం పాప కాళ్ళని పెడల్స్ దాకా సాగదీయదు. అదే అసలు మంట. రూలు తప్పు, ప్రశ్న మాత్రం ఒప్పు. ఎవరో చచ్చాక పుట్టిన ప్రశ్నకి పని లేనివాళ్ళు కోటు తొడిగారు, కోటుని చూసి తను ప్రశ్నని తిడుతున్నాడు. బక్కెట్టులో ముంచినప్పుడు బుడగ వచ్చింది. వచ్చిందో రాలేదో అని అనుమానం కూడా లేదు, వచ్చింది, అందరూ చూశారు, చూసి నవ్వారు.

నర్సు తలుపు తీసి రమ్మంది.

లోపల ఏసీ చల్లగా ఉంది, స్పిరిటు వాసన. డాక్టరు కాగితాలు ఒక్కొక్కటీ తిరగేస్తూ, కళ్ళు భేష్, చెవులు నాకంటే భేష్, గుండె కుర్రాడిది అంటున్నాడు. మోకాలి మీద సుత్తితో కొట్టాడు, కాలు ఎగిరింది. గుండెమీద చల్లటి బిళ్ళ పెట్టాడు. మెడ పక్కన కూడా ఒకసారి ఆనించి, కాసేపు ఉంచి, తీసేశాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా అడిగాడు, ఇంటికి కొత్త కుళాయిలు వేయించాలి, ఏ రకం మంచిదని. ఆయన నోరు దానంతట అదే చెప్పేస్తోంది, ఇత్తడివే వేయించండి, పైన మెరుపు చూసి మోసపోకండి, చేత్తో బరువు చూడండి. చెప్తూనే చూస్తున్నాడు. డాక్టరు పెన్నుకి మూత పెట్టాడు. చిన్న చప్పుడుతో బిగిసింది. బల్లమీద పడుకోబెట్టాడు.

"చెప్పండి. ఏమైనా ఉందా?"

ఇదే ఆ సందు. ఒక్క క్షణమేనండీ, ఎండ, ఏమీ తినలేదు. వాక్యాలు బారులు తీరి ఉన్నాయి, ఒక్కటీ తప్పిపోలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలుసు, ఎక్కడ నవ్వాలో తెలుసు, డాక్టరు ఎక్కడ అనుమానపడతాడో, అక్కడ ఏ ధర తగ్గించాలో కూడా తెలుసు. రాయిలాంటి సప్లయర్లని కరిగించిన నోరు. పెళ్ళికి ఒప్పుకోని వియ్యంకుణ్ణి ఒప్పించిన నోరు. మూత ఉండగా మొదలుపెడితే ఈ మంచి మనిషిని పావుగంటలో ఒప్పిస్తాడు, అందులో సందేహం లేదు, సంతకంతో బయటికి వెళ్తాడు. అది తెలిసేసరికి ఆయనకి చెమట పట్టింది, ఆ చల్లటి గదిలో. జీవితంలో ఏ బేరానికి కూర్చున్నా ఓడిపోతానేమోనని భయపడ్డాడు. మొదటిసారి, గెలుస్తానని భయం వేసింది.

"డాక్టరు గారూ, ముందు మూత తీయండి."

డాక్టరు అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక కూడా వెంటనే తీయలేదు. ఆలోచించుకోండి, తీశాక నా చేతిలో ఏమీ ఉండదు అన్నాడు మెల్లగా. తీయండి అన్నాడు ఆయన, కొంచెం కోపంగానే. తీశాడు.

చెప్పాడు. అలసట సంగతి చెప్పలేదు, ఎండ సంగతి చెప్పలేదు. బటను, అరలు, గేట్ వాల్వ్, రేడియో. రేడియో మార్పించిన సంగతి చెప్పేటప్పుడు చెవులు వేడెక్కాయి. డాక్టరు రాసుకుంటూ మధ్యలో తలెత్తి, ఎప్పుడిది అన్నాడు. రెండు వారాలైంది అన్నాడు. ఆ మొహంలో అప్పటిదాకా ఉన్న స్నేహం కాస్తా పక్కకి పోయి వైద్యం వచ్చి కూర్చుంది. రెండు వారాలు ఇలాగే తిరుగుతున్నారా, కొట్టుకి, మెట్లు ఎక్కి దిగి, ఇవాళ కారు కూడా మీరే నడుపుకొచ్చారా. అవునన్నాడు. తాళం ఇక్కడ పెట్టండి అన్నాడు డాక్టరు. తాళం పెట్టాడు. మెదడుకి రక్తం వెళ్ళే దారిలో ఏదో అడ్డం పడి తొలిగిపోయి ఉంటుంది, మెడ దగ్గర గొట్టంలో నాకు చప్పుడు తేడాగానే వినిపించింది, గొట్టం లోపల పాచి పేరుకుంటే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా, మీరమ్మే సరుకే అన్నాడు. ఈసారి తొలిగింది, ఇంకోసారి తొలగకపోవచ్చు, ఇవాళే ఆసుపత్రికి, ఇప్పుడే. అంటూనే ఫోను అందుకున్నాడు.

ఆయనకి ఆగలేదు. ఫోను పెట్టేదాకా ఉగ్గబట్టుకుని, మీ రూలు మాత్రం తప్పండీ అన్నాడు. నేను చెప్తున్నానని రూలు ఒప్పయిపోదు. చెప్పినవాణ్ణి శిక్షించే పద్ధతి ఉన్నంతకాలం మీ పెన్నుకి మూత ఉన్నా లేకపోయినా ఒకటే.

"తప్పే," అన్నాడు డాక్టరు. "పైవాళ్ళకి నేనూ రాశాను, ఎన్నిసార్లో. ఏదీ, ఒకసారి నవ్వండి."

"నవ్వాలా?"

"పళ్ళు కనబడేలా. మొహం రెండు పక్కలా సమంగా కదులుతోందో లేదో చూడాలి."

నవ్వాడు. అంత కోపంలో అంత సమంగా నవ్వడం ఆయనకే వింతగా అనిపించింది. రెండు చేతులూ ముందుకి చాపి కళ్ళు మూసుకోమన్నాడు, చాపాడు. లైసెన్సు కాగితం డాక్టరు తన వైపు లాక్కున్న చప్పుడు కళ్ళు మూసుకుని ఉండగానే వినబడింది.

కోడల్ని లోపలికి పిలిచి డాక్టరే చెప్పాడు. ఆమె నిలబడే విన్నది. ఏ ఆసుపత్రి, ఏ అంతస్తు, ఎవరిని అడగాలి అని మాత్రం అడిగింది, తాళం తీసుకుంది, కారు తలుపు తీసి పట్టుకుంది. ఆయన అలవాటుగా స్టీరింగు వైపు నడిచి, ఆగి, చుట్టూ తిరిగి వచ్చి తనది కాని ఎడమ పక్కన కూర్చున్నాడు. ఆమె వేగంగా నడుపుతుంది. వెనక కుళాయిలు ప్రతి గతుకుకీ గలగలమంటున్నాయి. ప్రతి మలుపులో ఆయన కుడికాలు నేలని గట్టిగా తొక్కుతోంది, అక్కడ బ్రేకు లేదు. ఆమె చూసింది, మామూలుగా అయితే ఒక జోకు వేసేది. వేయలేదు. ఆయన గొంతు సవరించుకుని, అసలీ రూలు ఉంది చూశావూ అని మొదలుపెట్టాడు.

"ఇప్పుడు రూళ్ళ గురించి మాట్లాడకండి మామయ్యా."

ఎర్ర దీపం దగ్గర కారు ఆగింది. ఎదురుగా జనం రోడ్డు దాటుతున్నారు. ఆమె వాళ్ళనే చూస్తూ అంది.

"ఆ రోజు నేను నవ్వాను. ఇంటికొచ్చి అందర్నీ నవ్వించాను. పాపకి నేర్పాను. మీకు లోపల అంత జరుగుతుంటే మీరు నన్ను నవ్వనిచ్చారు." హ్యాండ్‌బ్రేకు లాగింది. "మళ్ళీ పాపని ముందు కూర్చోబెడదామంటే, దిండు వేద్దామన్నారు. ఇందాకే. ఆ కుర్చీలో కూర్చుని."

ఆయన లోపలి అరలు తెరిచి చూసుకున్నాడు. ఇది ఆ రోజులా కాదు, అరలన్నీ నిండుగానే ఉన్నాయి, అందులో ఇక్కడ పనికొచ్చేది ఒక్కటీ లేదు. పచ్చదీపం వచ్చింది. ఆమె ఆగలేదు ఇక. ముక్కు ఎగబీలుస్తూ, గేర్లు మారుస్తూ, తిడుతూనే ఉంది. అత్తయ్యకి మీరే చెప్పుకోండి, నేను చెప్పను అంది. రేడియో కోసం ఆ మెకానిక్ని ఎన్ని మాటలన్నారో అది కూడా తలుచుకుని తిట్టింది. అద్దంలో ఆమె ముక్కు ఎర్రగా కనబడింది. పెళ్ళయి వచ్చినప్పటినుంచి ఆమె ఆయన్ని ఒక్క పల్లెత్తు మాట అనలేదు, ఇన్నేళ్ళ బాకీ అంతా ఈ ఒక్క రోడ్డు మీదే తీరుస్తున్నట్టుంది.

ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని లెక్క చూసుకున్నాడు. ఆకాశం పోయింది, తిరిగి వస్తుందని ఆ బల్లల సంగతి తెలిసినవాడెవడూ చెప్పడు. స్టీరింగు పోయింది. ఆదివారం పోయింది. పాపకి ఏం చెప్పాలో ఇంకా తెలియదు. రూలు తప్పే, ఆ మాట వెనక్కి తీసుకునేది లేదు, కానీ మీటింగులో ఇక లేచి అనడానికి తను పైలటు కాదు. ఖర్చు పద్దు అంతా ఇదే, చాలా పెద్దది. వచ్చినదాని కింద వేయడానికి వెతికితే ఒక్కటే కనబడింది. తిట్టడానికి పక్కన కోడలు ఉంది, గొంతు బొంగురుపోయినా తిట్టడం మానకుండా, నిండు ప్రాణంతో. ఆ తిట్లు ఒక్కొక్కటీ విడివిడిగా, స్పష్టంగా, అర్థమవుతూ తనకి వినబడుతున్నాయి. ఆసుపత్రి గేటు దాకా ఆయన ఒక్కదాన్ని కూడా జారిపోనివ్వలేదు.